పుల్లరి నేలలు: తెలుగునాట మేతభూముల చరిత్ర

పాలమూరు, నల్లగొండ, రాయలసీమ, పల్నాడు ప్రాంతాల మెట్టనేల ఏడాదికి సుమారు 500 నుంచి 800 మిల్లీమీటర్ల వాన మీద బతుకుతుంది. ఆ వాన కూడా ఒకచోట పడితే పక్క ఊళ్లో పడదు. ఎర్రచెల్క పొర పలచన, కింద రాయి. ఇలాంటి చోట ఒకే చెక్కను నమ్ముకున్న సేద్యం కంటే, వాన ఎక్కడ పడిందో అక్కడికి కదిలిపోయే మంద భద్రమైన బతుకుతెరువు. అందుకే ఇక్కడ పశుపోషణ సేద్యానికి తోకలా మిగిలిపోలేదు. చాలాచోట్ల సేద్యానికి ముందే వచ్చింది, దాని పక్కనే వేల ఏళ్లు సాగింది.

ఆ ప్రాచీనతకు సాక్ష్యం బూడిదదిబ్బలు. పాత పాలమూరు జిల్లాలో మక్తల్ వైపున ఉన్న ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు వేరు) 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ తవ్వకాలు జరిపాడు. ఊళ్లవాళ్లు ఏ రాక్షసుల ఎముకలో కాలిన బూడిద అనుకునే అలాంటి దిబ్బలు నిజానికి కాలిన పేడ పొరలని తేలింది. మందను రాత్రిపూట దుంగల దడిలో కట్టేవారు, పేరుకున్న పేడను అప్పుడప్పుడు తగలబెట్టేవారు, మళ్లీ అక్కడే దడి కట్టేవారు. బూడిద మీద పశువుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి. ఇది క్రీస్తుకు పూర్వం మూడో సహస్రాబ్ది నాటి మాట. అనంతపురం జిల్లా పాలవాయి మొదలుకొని బళ్లారి, రాయచూరుల దాకా ఇలాంటి దిబ్బలు అనేకం ఉన్నాయి. వీటిని బట్టి ఒక్కటి రూఢిగా చెప్పవచ్చు. మంద తిరిగే నేల ఆనాడే ఇష్టారాజ్యంగా లేదు. ఏ దడి ఎక్కడ ఉండాలో, ఏ కాలంలో తిరిగి రావాలో తెలిసిన సమూహాలే ఒకే చోట తరాల తరబడి పేడ పోగుచేయగలవు.

శాసనాల కాలానికి వస్తే పశువుల కాపరులు గుళ్ల లెక్కల్లో కనిపిస్తారు. కోస్తా ఆంధ్రలోని మధ్యయుగ శాసనాల్లో అఖండదీపానికి దానమంటే తరచు 25 ఆవులో 50 గొర్రెలో. దాత మందను గుడికి రాసిస్తాడు. గుడి దాన్ని బోయలనో గొల్లలనో పిలిచే కాపరులకు అప్పగిస్తుంది. కాపరి రోజూ మానికెడు నెయ్యి దీపానికి పోస్తాడు, మిగిలిన ఈత, పాడి అతనివి. సూర్యచంద్రులు ఉన్నంతకాలం వెలగాల్సిన దీపం కాబట్టి మంద ఎప్పటికీ తరగకూడదు. మంద తరగకూడదంటే మేత తరగకూడదు. గుడి చుట్టుపక్కల బీళ్లు, కొండవాలులు, చెరువు గర్భాలు కాపరికి అందుబాటులో ఉంటాయన్న నమ్మకం మీదే ఈ ఏర్పాటంతా నిలిచింది. శాసనం దాన్ని విడిగా రాయలేదు, రాయాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు కాబోలు.

ఆ నమ్మకం ఎక్కడ తెగుతుందో కాటమరాజు కథ చెబుతుంది. 13వ శతాబ్దపు చివరి దశకు చెందిన ఘటన చుట్టూ అల్లుకున్న వీరగాథ అది. కరవు వచ్చి కనిగిరి వైపు గొల్లల మందలు నెల్లూరు చోడరాజు నల్లసిద్ధి ఏలుబడిలోని పచ్చికల మీదికి దిగాయి. మేతకు బదులు పుట్టిన కోడెదూడలను రాజుకు ఇవ్వాలన్నది ఒప్పందం. వాన లేక, మేత చాలక మందలు పైర్ల మీద పడ్డాయి. రాజు పుల్లరి, అంటే మేతపన్ను, కట్టమన్నాడు, కాటమరాజు కట్టనన్నాడు. పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు దగ్గర యుద్ధం జరిగింది. కవి తిక్కన బంధువు ఖడ్గతిక్కన నెల్లూరు పక్షాన పోరాడి అందులోనే పడిపోయాడని కథ. గాథలో అతిశయోక్తులు ఎన్నున్నా గొడవ మూలం మాత్రం చాలా లౌకికమైనది: గడ్డి బాగా లేని ఏడాది గడ్డికి కట్టాల్సిన వెల ఎంత? ఆనాటికే మేతభూమికి యజమాని ఉన్నాడు, వాడుకకు ఒప్పందం ఉంది, ఒప్పందం ఋతువును బట్టి ఉంది. తరవాతి ఏడు వందల ఏళ్లలో మారింది ప్రధానంగా ఈ చివరి అంశమే.

ఆంగ్లేయుల పాలనకు ముందూ, ఆ తరవాత చాలాకాలం కూడా మంద ఏడాది చక్రం ఇంచుమించు ఇలా ఉండేది. తొలకరికి ఊరి పొలాల్లో విత్తనం పడగానే మంద ఊరు వదలాలి. కొండలు, అడవి అంచులు, రాతిబోళ్ల మీద వానాకాలమంతా మేత. నల్లమల చుట్టుపక్కల కాపరులకు అది అడవిలోకి వెళ్లే కాలం. పంట కోతలయ్యాక మంద మళ్లీ పొలాల్లోకి దిగుతుంది. జొన్న, సజ్జ మొదళ్లు, కంది ఆకు, గట్ల మీది గరిక. ఎండలు ముదిరితే ఎండిన చెరువు గర్భాలు, నదీతీరాలు. కృష్ణ దాటి డెల్టా వరిమళ్ల దాకా నడిచిన మందలు ఉన్నాయి. తుమ్మకాయలు, రేగు, జమ్మి మండలు కరవునెలల్లో ఆదుకునేవి. ఏ కొమ్మ నరకాలో, ఎంత విడిచిపెట్టాలో తెలిసినవాడే మందపెద్ద.

ఈ చక్రంలో డబ్బు, గింజలు రెండువైపులా నడిచేవి. అడవిలోకి వెళ్లడానికి కాపరి ఇచ్చుకునేవాడు. పొలంలోకి దిగితే రైతే కాపరికి ఇచ్చేవాడు. మందను రాత్రిపూట చేలో పడుకోబెడితే పడే పెంటికలు, మూత్రం వచ్చే పంటకు ఎరువు. ఇన్ని రాత్రులకు ఇన్ని గింజలు అని బేరం. ఏ రైతు చేలో ముందు మంద కట్టాలన్న దాని మీద ఊళ్లో పోటీ కూడా ఉండేది. కాబట్టి ఒకే చెక్క నేల మీద రైతుకు పంటకాలపు హక్కు, కాపరికి పంట లేని కాలపు హక్కు పక్కపక్కనే నడిచాయి. నేల ఎవరిది అని అడిగితే నెల పేరు కూడా చెప్పాల్సివచ్చే రోజులవి.

ఈ ఏర్పాటును మొదట కదిపింది రెవెన్యూ లెక్క. 1800లో కంపెనీ చేతికి వచ్చిన దత్తమండలాల్లో థామస్ మన్రో 1807 దాకా కలెక్టరుగా ఉండి, పొలం పొలం కొలిపించి రైత్వారీ శిస్తుకు దారి వేశాడు. కొలతలో నేల మాగాణి, మెట్ట, తోట, బంజరు అని విడిపోయింది. శిస్తు కట్టే నేలకు పేరు, నంబరు, రైతు ఉన్నారు. కట్టనిదంతా బంజరు, లేదా ఊరి అవసరాలకు వదిలిన పోరంబోకు. బంజరును ఎవరైనా దరఖాస్తు పెట్టి సాగులోకి తెచ్చుకోవచ్చు, సర్కారుకు అది లాభం. ఏడాదిలో మూడు నెలలు వాడే మందకు ఆ పట్టికలో గడి లేదు. దురుద్దేశం ఉండనక్కర్లేదు. శిస్తు లెక్కకు కదిలే హక్కు పనికిరాదు, అంతే.

తరవాత 1871లో పశువుల అక్రమ ప్రవేశ చట్టం వచ్చింది. ఊరూరా బందెలదొడ్డి వెలసింది. చేలో పడ్డ గొడ్డును తోలుకెళ్లి దొడ్డిలో పెడితే, జరిమానా కట్టి విడిపించుకోవాలి. ఊరి పెద్దల ముందు తేలే తగువు రసీదు మీద తేలే తగువుగా మారింది. తన ఊళ్లో గొడ్డు పట్టుబడితే రైతు ఎలాగో సర్దుకుంటాడు. పరాయి ఊళ్లగుండా వందలాది గొర్రెలను నడిపించే కాపరికి మాత్రం ప్రతి బందెలదొడ్డీ ఒక సుంకపు చౌకీ అయింది. అదే కాలంలో రైళ్లు వచ్చి లంబాడీల ఎడ్ల బిడారు వ్యాపారం చచ్చిపోయింది. బాటల వెంట మేపుకుంటూ ఉప్పు, ధాన్యం మోసిన వేలాది ఎడ్లకు ఇక పని లేదు. తండాలు ఒకచోట స్థిరపడ్డాయి.

అసలు దెబ్బ అడవి చట్టం. అడవులన్నీ సర్కారు సొత్తని ప్రకటించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డు ఎదురు చెప్పింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి అరుదని, వాటిలో ఊళ్లకు మేత, కట్టెల హక్కులు ఉన్నాయని దాని వాదన. 1878 భారత అడవి చట్టం మద్రాసుకు వర్తించకపోవడానికి ఈ అభ్యంతరాలే కారణం. అయితే 1876-78 కరవు తరవాత బోర్డు పట్టు సడలింది. 1882లో మద్రాసుకు సొంత అడవి చట్టం వచ్చింది. రిజర్వు అడవికి హద్దురాళ్లు పడ్డాయి, పశువుకు ఇంత అని పర్మిట్లు వచ్చాయి, గొర్రెకు ఒక రేటు, బర్రెకు ఒక రేటు. చెట్టుకు శత్రువని మేకను చాలాచోట్ల బయటే ఆపారు. పుల్లరి అన్న పాత మాటే మిగిలింది గాని సరుకు మారింది. వెనుక అది ఒప్పందం ధర, ఏడాది బాగా లేకపోతే బేరమాడే వీలున్న ధర. ఇప్పుడది రేంజరు రసీదు.

పల్నాడులో ఈ రసీదే ఉద్యమమైంది. 1921లో సహాయ నిరాకరణ వేడిలో మాచర్ల, దుర్గి ప్రాంతాల రైతులు, పశువుల యజమానులు పుల్లరి కట్టబోమని తేల్చి చెప్పారు, పర్మిట్లు లేకుండానే మందలను అడవిలోకి తోలారు. అడవి ఉద్యోగులకు నిప్పు, నీరు అందకుండా సాంఘిక బహిష్కారం జరిగింది. పరిస్థితిని చూడవచ్చిన కాంగ్రెసు నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు వెళ్లాడు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు చనిపోయాడు. కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ అదే కాలంలో అడవి సత్యాగ్రహం సాగింది. చరిత్ర పుస్తకాలు దీన్ని జాతీయోద్యమ అధ్యాయంలో చేర్చి, పన్ను నిరాకరణగా చెబుతాయి. అది నిజమే గాని సగం నిజం. పశువుల ఊళ్లకు అది మేత తగువు, కాటమరాజు నాటి ప్రశ్నకు మరో రూపం.

నైజాం రాష్ట్రంలో మార్గం వేరు. అక్కడ గడ్డినేలలను కంచలు అనేవారు. సర్కారు కంచలను, అడవి గడ్డిని ఏటా హర్రాజు వేసేవారు. పాడుకున్నవాడు గడ్డి కోసుకోవచ్చు, మేపుకునేవాళ్ల దగ్గర వసూలూ చేసుకోవచ్చు. ఊరికి వదిలిన మేతనేల గైరాన్ పేరుతో, చెరువు ముంపు నేల శిఖం పేరుతో లెక్కల్లో ఉండేవి. దొరల పట్టు బలంగా ఉన్న జిల్లాల్లో ఈ నేలల మీద పెత్తనం దేశ్‌ముఖ్‌లదే. గొల్ల కురుమలు వెట్టిలో భాగంగా గొర్రెలను ఊరికే ఇచ్చుకోవాల్సివచ్చేది, గడీకి పండగ వచ్చినా అధికారి వచ్చినా. 1946 జులై 4న కడవెండిలో దొర గూండాల తూటాకు బలైన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబంలో పుట్టినవాడే. హైదరాబాదు చుట్టూ కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ లాంటి పేర్లు ఆ గడ్డినేలల గుర్తులు. ఇప్పుడక్కడ విశ్వవిద్యాలయాలు, రక్షణ ప్రయోగశాలలు, అద్దాల భవనాలు ఉన్నాయి. 2025 ఏప్రిల్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు దేశమంతా దాన్ని అడవిగానే చర్చించింది. పశువుల మాట పెద్దగా రాలేదు.

కోస్తాలో మార్పు తెచ్చింది పంట. ఒంగోలు జాతి పశువుల పేరు 19వ శతాబ్దంలోనే సముద్రాలు దాటింది. బ్రెజిల్లో నెలోరె పేరుతో నేడు కోట్ల సంఖ్యలో ఉన్నవి వాటి సంతతే. గుండ్లకమ్మ, మూసీ, పాలేరు నదుల మధ్య మెట్టల్లో జొన్నచొప్ప, బీటి గడ్డి, రైతుల ఇంటి పెంపకం కలిసి ఆ జాతిని నిలబెట్టాయి. 1920ల నుంచి గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు వ్యాపించింది. పొగాకు చేలో గొడ్డుకు ఏమీ మిగలదు, ఆకు తినదు, మోడు తినదు. జొన్నకు బదులు పొగాకు వేసిన ప్రతి ఎకరా చొప్పను తగ్గించింది, పక్కనున్న బీడును కూడా దున్నించింది. మేలుజాతి పశువును కోల్పోతున్నామని మద్రాసు పశువైద్య శాఖ ఆందోళన పడినా, చొప్ప కంటే పొగాకును కొనేవాళ్లే ఎక్కువ.

స్వాతంత్ర్యం తరవాత ఊరుమ్మడి నేల కరగడం వేగం పుంజుకుంది. కారణం చెడ్డది కాదు. భూమిలేని పేదలకు భూమి ఇవ్వాలి. జమీందారుల, మోతుబరుల భూమిని తీసి పంచడం రాజకీయంగా కష్టం, బంజరు, మేతపోరంబోకు పంచడం సులువు. 1950ల నుంచి అసైన్‌మెంటు ఉత్తర్వులు వరుసగా వచ్చాయి. పంచిన చెక్కల్లో చాలావరకు రాళ్లు, గుట్టలే. కొందరు పేదలు దున్నారు, కొందరివి పైవాళ్ల చేతికి పోయాయి. అలా పోకుండా ఆపడానికి 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. పట్టా ఎవరి చేతిలో ఉన్నా మంద మాత్రం బయటే. హైదరాబాదు దగ్గరి ఇక్రిశాట్‌లో పనిచేసిన ఎన్. ఎస్. జోధా, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల ఊళ్లతో సహా ఏడు రాష్ట్రాల మెట్ట గ్రామాలను పరిశీలించి, 1950 నుంచి 1980ల మొదటి దాకా ఉమ్మడి నేలల విస్తీర్ణం దాదాపు మూడోవంతు నుంచి సగం దాకా పడిపోయిందని తేల్చాడు. పేదలకు పంచిన దానితో వాళ్లకు వచ్చినదాని కంటే, ఉమ్మడి మేత, కట్టెలు పోవడంతో పోయినదే ఎక్కువ కావచ్చన్న అతని విశ్లేషణ ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడలేదు.

సాగునీరు చేసిన మార్పు మరింత లోతైనది, తక్కువ గమనించినది. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. మెట్టలో ఏడాదికి ఒక పంట పోయి రెండు పంటలు వచ్చాయి. కోతకూ నాట్లకూ మధ్య నెలల తరబడి ఖాళీగా ఉండే పొలం వారాల లెక్కకు వచ్చింది. యూరియా బస్తా వచ్చాక పెంటికల మీద మోజు తగ్గింది. తరవాత బోర్లు వచ్చి, కాలువ లేనిచోట కూడా ఇదే జరిగింది. పత్తి, మిర్చి చేలల్లో మిగిలేది మందు కొట్టిన ఆకు. ఏ ఒక్క ఉత్తర్వూ, ఏ కంచే లేకుండానే పంట లేని కాలపు హక్కు ఎగిరిపోయింది, ఎందుకంటే పంట లేని కాలమే లేకుండా పోయింది.

మందే మారిపోయింది కూడా. తెలంగాణ, సీమ మెట్టల్లో కురుమలు మేపిన దక్కనీ గొర్రె నల్లటి ఉన్ని గొర్రె, ఎంత దూరమైనా నడుస్తుంది, ఎండిన గడ్డితో సరిపెట్టుకుంటుంది. దాని ఉన్నితో నేసిన గొంగడి ఎండకు, వానకు, పడకకు కాపరి ఆస్తి. మిల్లు దుప్పట్లు వచ్చి గొంగడి గిరాకీ పడిపోయాక ఉన్ని కత్తిరింపు కూలికి కూడా రాలేదు. మాంసం ధర పెరిగింది. కాపరులు పొట్టేళ్లుగా నెల్లూరు జాతివాటిని తెచ్చారు. అవి పొడుగు కాళ్ల, ఉన్ని లేని, త్వరగా తూకం వచ్చే గొర్రెలు. మూడు నాలుగు ఈతల్లో మంద రంగు మారిపోయింది. మేత తగ్గిన కాలంలో మేత ఎక్కువ కోరే జాతి రావడం వింతగా కనిపిస్తుంది గాని, సంత ముందు నిలబడిన కాపరికి వేరే లెక్క లేదు.

నేలను తిరిగి పచ్చబరచాలన్న ప్రయత్నాలదీ అదే వరస. 1985లో కేంద్రం బంజరుల అభివృద్ధి బోర్డు పెట్టింది. సామాజిక అడవులు, 1992 నుంచి ఉమ్మడి అటవీ యాజమాన్యం, తరవాత నూనెగింజల తోటలు, హరితహారం. ప్రతి పథకంలోనూ మొదటి పని మొక్క, రెండో పని మందను ఆపడం. నల్లమలలో 1978లో అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ వచ్చాక వానాకాలపు మేతకు దారి ఇరుకైంది. పొడ తూర్పు లాంటి అడవి పశుజాతి అక్కడి లంబాడీ కాపరుల దగ్గర మిగిలి ఉన్నా, పుట్టిన మేతనేల మీద వాళ్ల హక్కు పర్మిట్లకూ మాటలకూ మధ్య నలుగుతోంది. అటు చెరువు గర్భాల్ని, పోరంబోకుల్ని సర్కారు తుమ్మ ఆక్రమించింది. దాని కాయను గొర్రె తింటుంది, గింజను వ్యాపింపజేస్తుంది కూడా, అయితే ఆ తుమ్మ కింద గడ్డి మొలవదు.

మేత ఆపితే పచ్చిక బాగుపడుతుందన్న నమ్మకానికి పాత కర్నూలు జిల్లా రోళ్లపాడు మంచి పరీక్ష. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ 6.14 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఏర్పడింది. కంచె వేశారు, మంద ఆగింది. గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి. జింకలు చుట్టుపక్కల చేల మీద పడి రైతుల్ని విసిగించాయి. బట్టమేక మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గి, దాదాపు కనుమరుగైంది. వేట, కాలువ నీళ్లతో చుట్టూ పంటలు మారడం, మరెన్నో కారణాలు అందులో ఉన్నాయి. కానీ ఆ పక్షి పొట్టి గడ్డిలో, మందలు తిరిగే మెట్టచేలలో తిరిగేదే. పశువు గిట్ట పడని దట్టమైన గడ్డి దానికి ఇల్లు కాదు. మంద పచ్చికకు శత్రువన్న ఒక్క మాటతో అక్కడి సంగతి తేలదు.

ఈ శతాబ్దంలో బీడుకు కొత్త గిరాకీ వచ్చింది. పాత కర్నూలు జిల్లా గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో 2017 నాటికి 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు నిలిచింది. అనంతపురం వైపు నంబులపూలకుంటలోనూ పెద్ద పార్కు వచ్చింది. ఎండ, చవక నేల, సాగు తక్కువ: పలకలు పెట్టడానికి కావలసిన మూడూ మందకూ కావలసినవే. అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ ప్రారంభించింది. 2012లో రాష్ట్రంలో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 గణనలో 1.91 కోట్లయ్యాయి, దేశంలోనే మొదటి స్థానం. యూనిట్ ధరలో రవాణాకు, దాణాకు, బీమాకు వాటా ఉంది. మేతభూమికి లేదు. పెరిగిన మందకు నేల ఎక్కడిదన్న ప్రశ్నను పథకం ఊళ్లకే వదిలింది.

ఆ ప్రశ్నకు చట్టంలో జవాబు లేకపోలేదు. 2011 జనవరిలో జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షను మేత హక్కును, సంచార పశుపోషకులు ఋతువును బట్టి వాడుకునే హక్కును పేరు పెట్టి గుర్తించింది. మన్రో పట్టికలో లేని గడి ఇదే, రెండు వందల ఏళ్ల తరవాత కాగితం మీదికి వచ్చింది. అయితే గొల్లలు, కురుమలు షెడ్యూల్డు తెగలు కారు. ఇతర సంప్రదాయ అటవీవాసులుగా అర్జీ పెట్టుకోవాలంటే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో ప్రధానంగా నివసించారని రుజువు చూపాలి. వానాకాలం నాలుగు నెలలు మాత్రమే అడవిలో ఉండే కాపరి దగ్గర అందుకు చూపడానికి ఉన్నవి పాత పుల్లరి రసీదులే, అవైనా దాచి ఉంటే. ఇప్పుడు కృష్ణా తీరానికి మందలు చాలామటుకు లారీల్లో వెళ్తున్నాయి. వెనుక మంద కట్టినందుకు గింజలిచ్చిన ఊళ్లలో, నేడు చాలాచోట్ల చేలో మోడు మేపుకున్నందుకు కాపరే రైతుకు డబ్బు కడుతున్నాడు.